విమానం గాలిలో ఉండే సమయమే ప్రయాణ సమయమా? అపోహలు – వాస్తవాలు

విజయవాడలో విమాన టికెట్లు బుక్ చేసే వృత్తిలో ఉన్న నాకు, రెండు విమానాశ్రయాల మధ్య దూరాన్ని, "ఎగిరే సమయాన్ని" ఫోన్‌లో చూపించి, దాని ప్రకారమే టికెట్లు కావాలని పట్టుబట్టేవారు తరచూ తారసపడుతున్నారు.

అపోహ: దూరాన్ని వేగంతో భాగిస్తే ప్రయాణ సమయం తెలిసిపోతుంది.

వెబ్‌సైట్లు చూపేది భూగోళంపై రెండు చోట్ల మధ్య ఉన్న అతి దగ్గరి దూరం. గన్నవరం నుంచి శంషాబాద్‌కు అది సుమారు 260 కిలోమీటర్లు. గంటకు 850 కిలోమీటర్ల జెట్ వేగంతో భాగిస్తే ఇరవై నిమిషాలు కూడా రాదు. కానీ ఈ మార్గంలో తరచుగా నడిచే ఏటీఆర్ విమానాల (ప్రొపెల్లర్లతో నడిచే చిన్న విమానాలు) వేగం గంటకు సుమారు 500 కిలోమీటర్లే. పైగా టికెట్‌పై ఉండే సమయం చక్రాలు నేలను వదిలే క్షణం కాదు. విమానం తన స్టాండ్ (ప్రయాణికులను ఎక్కించుకోవడానికి నిలిపే చోటు) నుంచి కదిలే సమయం, అవతల స్టాండ్‌లో ఆగే సమయం. రన్‌వే వరకు విమానం నేలపై నెమ్మదిగా సాగడం, అక్కడ వరుసలో నిరీక్షణ, దిగడానికి ముందు వేసే చుట్లు అన్నీ అందులోనే ఉంటాయి. సుమారు 1,260 కిలోమీటర్లున్న శంషాబాద్–ఢిల్లీ ప్రయాణం లెక్కకు గంటన్నరే అయినా, టికెట్‌లో రెండు గంటలు దాటేది ఇందుకే.

ఈ లెక్కను నమ్మి రెండు విమానాలను విడివిడిగా కొనుక్కునేవారే ఎక్కువగా నష్టపోతున్నారు. రాజోలు వైపు నుంచి కువైట్ వెళ్లవలసిన ఒక కుర్రవాడు గన్నవరం–శంషాబాద్ టికెట్‌ను వేరుగా కొని, రెండింటి మధ్య గంటా నలభై ఐదు నిమిషాలు ఉన్నాయని ధీమాగా బయలుదేరాడు. మొదటి విమానం ఏమాత్రం ఆలస్యం కాలేదు. అయినా బెల్టు మీద పెట్టె వచ్చేదాకా ఆగి, బయటకు వచ్చి, మళ్లీ చెకిన్‌కు చేరేసరికి కౌంటర్ మూసేశారు. అంతర్జాతీయ విమానాలకు బయలుదేరే సమయానికి గంట, కొన్నిటికి అంతకంటే ముందే, కౌంటర్ మూసేస్తారు. అప్పు చేసి కొన్న టికెట్ పోయింది. ఉద్యోగం కూడా పోతుందేమోనని అతని తల్లి నాకు ఫోన్ చేసి ఏడుస్తుంటే, "దేశీయ విమానమైతే ముప్పావు గంట చాలు" అని అతనికి చెప్పిన పెద్దమనిషి మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. రెండు ప్రయాణాలూ ఒకే టికెట్‌పై ఉంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పినా, తరువాతి విమానం ఎక్కించే బాధ్యత సాధారణంగా ఆ సంస్థదే. విడివిడి టికెట్లకు ఆ రక్షణ లేదు కనుక, మధ్యలో కనీసం ఐదారు గంటలు ఉంచుకోండి.

అపోహ: వెళ్లేటప్పటికంటే వచ్చేటప్పుడు దుబాయ్ విమానం రెండు మూడు గంటలు ఎక్కువ తీసుకుంటుంది.

టికెట్‌పై ఉన్నవి ఎక్కడికక్కడి స్థానిక సమయాలు, దుబాయ్ మనకంటే గంటన్నర వెనుక. అందుకే వెళ్లేటప్పుడు తక్కువగా, వచ్చేటప్పుడు ఎక్కువగా కనిపిస్తుంది. నిజానికి చలికాలంలో పడమటి గాలులు వెనుక నుంచి తోస్తాయి కనుక, వచ్చే ప్రయాణమే త్వరగా ముగుస్తుంది.

అపోహ: 15వ తేదీ రాత్రి 12:20 విమానానికి 15 రాత్రి వెళితే చాలు.

అర్ధరాత్రి పన్నెండు దాటగానే తేదీ మారుతుంది కనుక, 14వ తేదీ రాత్రి తొమ్మిదికల్లా విమానాశ్రయంలో ఉండాలి. అనుమానముంటే టికెట్ తీసుకున్నచోటే అడగండి, ఎన్నిసార్లు అడిగినా తప్పులేదు.