లాడ్జి గదిలో మొదట చూడవలసింది మంచం తలవైపు

ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణానికో, కడప పెద్ద దర్గా ఉరుసుకో, గండికోట చూడడానికో వచ్చినవాళ్లలో చాలామంది రాత్రికి కడప లాడ్జిల్లో దిగుతారు. అలసటతో గదిలోకి వస్తూనే సంచులు మంచం మీద పడేసి నడుం వాలుస్తారు. నల్లి మన ఇంటికి చేరే దారి అక్కడే మొదలవుతుంది. సంచిని ముందు స్నానాలగదిలో పెట్టి, ఫోను టార్చి వెలిగించి మంచాన్ని ఐదు నిమిషాలు చూడమని ప్రయాణం కట్టిన ప్రతివారికీ చెబుతుంటాను.

శివుడు కొండెక్కినా, విష్ణువు పాముపై పవళించినా నల్లి బాధ పడలేకే అని మనవాళ్లు ఏనాడో పద్యం కట్టారు. అంత పేరున్న ఈ పురుగుకు రెక్కలు లేవు, గెంతడమూ రాదు. పెరిగిన నల్లి ఐదు మిల్లీమీటర్లు, ఆపిల్ గింజంత ఉంటుంది. పగలంతా సందులో నక్కి, రాత్రి మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను, ఒంటి వేడిని పసిగట్టి బయటికి వస్తుంది. ఐదు పది నిమిషాలు రక్తం తాగి మళ్లీ సందులో దూరుతుంది. తిండి దొరికేది మంచం మీదే కాబట్టి దానికి దూరంగా కాపురం పెట్టదు.

కనుక తలవైపు చెక్కకూ గోడకూ మధ్య సందు, మేకు రంధ్రాలు, పరుపు అంచు కుట్లు చూడాలి. దుప్పటి తొలగించి కుట్టును వేలితో విప్పదీస్తే సిరా చుక్కల్లాంటి నల్లటి మచ్చలు కనబడవచ్చు. తడి గుడ్డతో రుద్దినప్పుడు మచ్చ ఎర్రమట్టి రంగులో పాకితే అది నల్లి విసర్జించిన, అరిగిన రక్తం. పక్కనే పలచని పొట్టు, మిల్లీమీటరు పొడవున్న తెల్లని గుడ్లు ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. పిల్ల నల్లి పెద్దదయ్యేలోపు ఐదుసార్లు పొట్టు విడుస్తుంది, ప్రతిసారీ ముందుగా రక్తం తాగి తీరాలి.

నల్లి ఉన్నంత మాత్రాన లాడ్జి మురికిదని తీర్మానించడం అన్యాయం. దానికి కావలసింది మురికి కాదు, మనిషి. దద్దుర్లు లేచాయని నిన్న పడుకున్న గదినే తప్పుపట్టడమూ తొందరపాటే. కుట్టిన కొన్ని గంటలకు కొందరికి, రోజుల తర్వాత మరికొందరికి దద్దురు లేస్తుంది, కొందరికి అసలు లేవదు. నల్లి కాటు వల్ల మనుషులకు జబ్బులు అంటుకుంటున్నట్లు ఇంతవరకు రుజువు కాలేదు. దురద, నిద్రలేని రాత్రులు మాత్రం నిజం.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది నల్లి కాదు, దాన్ని చంపడానికి మనం చేసే పనులు. 1939లో స్విట్జర్లాండ్ రసాయన శాస్త్రవేత్త పాల్ ముల్లర్ డీడీటీకి కీటకాలను చంపే శక్తి ఉందని కనుగొన్నాడు, 1948లో నోబెల్ అందుకున్నాడు. ఈలోపే, 1947లో, హవాయి దీవుల్లోని అమెరికా నౌకాదళ స్థావరం పెర్ల్ హార్బర్ సైనిక నివాసాల్లో డీడీటీకి లొంగని నల్లులు బయటపడ్డాయి. ఇప్పటి స్ప్రే డబ్బాల్లోని పైరెథ్రాయిడ్లనే పురుగుమందులను కూడా చాలాచోట్ల అవి తట్టుకుంటున్నాయి. గదిలో స్ప్రే కొడితే బతికినవి గోడ సందుల గుండా పక్క గదికి పోతాయి. ఇక ధాన్యం నిల్వకు వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు గదిలో పెట్టడం ప్రాణాలతో చెలగాటం. తేమ తగలగానే అవి ఫాస్ఫీన్ అనే విషవాయువును వదులుతాయి. నల్లుల కోసం పెట్టిన ఆ బిళ్లల వల్ల మన దేశంలోనే నిద్రలో మనుషులు చనిపోయారు. ఆ పని ఎవరు చేస్తున్నా ఆపండి.

వేడికి మాత్రం నల్లి ఎదురు నిలవలేదు. 45 డిగ్రీల్లో పెద్ద నల్లి సుమారు గంటన్నరలో చస్తుంది, గుడ్డుకు ఏడు గంటలు కావాలి. 48 డిగ్రీల్లో గుడ్డు కూడా గంటా పావులో పోతుంది. వెనకటి ఆడవాళ్లు నులకమంచాన్ని ఎండలో వేసి వదిలేయకుండా, కోళ్లూ పట్టెలూ కలిసే సందుల్లో మరిగే నీళ్లు ఎందుకు పోసేవారో ఈ లెక్క చెబుతుంది. కడపలో మే నెల ఎండ ఎంత మండినా, దళసరి పరుపు లోపలి దాకా ఆ వేడి చేరదు. పైగా ఎండ తగిలిన వైపు నుంచి నల్లి నీడవైపు నడిచిపోతుంది. బట్టలు కుక్కిన సంచిని డాబా మీద పెట్టినా నడిమి బట్టలు చల్లగానే ఉండిపోతాయి.

విడిచిన బట్టలను గదిలో నేల మీద వదలకండి. మనిషి వాసన పట్టిన బట్టలు నల్లులను లాగుతాయని 2017లో షెఫీల్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. ఆ బట్టలను ప్లాస్టిక్ కవర్లో మూతి బిగించి కట్టి, ఇంటికి చేరాక సంచిని వరండాలోనే ఖాళీ చేసి, 60 డిగ్రీల వేడినీళ్లలో నానబెట్టాలి. సంచి కుట్లను కూడా టార్చితో చూడాలి. రాత్రి గదిలోనే నల్లి కనబడితే యాజమాన్యానికి చూపించి వేరే గది అడగండి. పక్క గది, పై గది, కింది గది మాత్రం వద్దనండి. వైర్లు వెళ్లే రంధ్రాలే నల్లులకు దారులు.