ఒకే సబ్బుకు రెండు ధరలెందుకు: పిల్లలకు ఒక ఉత్తరం

విజయనగరం

చిరంజీవులైన పిల్లలందరికీ ఆశీస్సులు.

వీధి మలుపులోని కిరాణా కొట్టులో 38 రూపాయలు తీసుకున్న సబ్బునే ఊరి చివరి పెద్ద డిస్కౌంటు సూపర్‌మార్కెట్‌లో 34 రూపాయలకు ఇస్తున్నారని, అలాగైతే కొట్టు యజమాని ఇన్నాళ్లూ మనల్ని మోసం చేసినట్టేనా అని మీలో ఒకరు అడిగారు. అంత చవకగా ఇచ్చే చోటే సరుకులు కొంటున్నా ఇంట్లో నెల ఖర్చు ఎందుకు పెరుగుతోందని మరొకరు అడిగారు. ఈ రెండూ ఎంతో విలువైన ప్రశ్నలు. గంటస్తంభం దగ్గరి ఒక టోకు పచారీ దుకాణంలో గుమాస్తాగా లెక్కలు రాస్తూ నా ఉద్యోగ జీవితమంతా గడిచింది కనుక, లారీలోంచి బస్తాగా దిగిన సరుకు పొట్లంగా మారి మీ వంటింటికి చేరేలోపు దాని ధరలో ఎవరెవరి డబ్బు కలుస్తుందో నాకు తెలుసు. మొదటి ప్రశ్నకు జవాబు ముందే చెబుతాను: ఆయన మోసం చేయలేదు. ఎందుకు కాదో తెలియాలంటే కొంత లెక్క చూడాలి.

ప్యాకెట్టు మీద ఉండే ఎం.ఆర్.పి. అంటే గరిష్ఠ చిల్లర ధర. 2009 నాటి లీగల్ మెట్రాలజీ (తూనికలు కొలతల) చట్టం, దాని కింద 2011లో వచ్చిన ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారం ఆ అంకెలో పన్నులన్నీ కలిసే ఉండాలి. దానికి మించి ఒక్క రూపాయి అడిగినా నేరమే. సీసాను ఫ్రిజ్‌లో పెట్టినందుకని కొట్టువారు అదనంగా తీసుకునే రెండు రూపాయలు కూడా ఆ కోవలోకే వస్తాయి. తక్కువకు అమ్మడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేదు. ఇంకొక సంగతి చాలామంది పెద్దలకే తెలియదు: మందుల వంటి కొన్నింటిని మినహాయిస్తే, ఆ అంకెను నిర్ణయించేది ప్రభుత్వం కాదు, సరుకు తయారుచేసిన కంపెనీయే. ఈ మాటతో తరువాత పని పడుతుంది, గుర్తుంచుకోండి.

కంపెనీ నుంచి బయలుదేరిన సబ్బు జిల్లా డిస్ట్రిబ్యూటరు గోదాములో దిగుతుంది. అక్కడి నుంచి కొంత నేరుగా కొట్లకు, కొంత మా వంటి టోకు దుకాణాలకు వెళుతుంది. చీపురుపల్లిలోనో, రాజాంలోనో ఉన్న చిన్న కొట్టు యజమాని మా దగ్గర అర పెట్టె సబ్బులు కొని, ఆటో కిరాయి ఇచ్చి తీసుకువెళ్లేవాడు. డిస్ట్రిబ్యూటరు లాభం, మా లాభం, హమాలీ కూలి, కిరాయి అన్నీ చేరాక అతనికి మిగిలేది సబ్బుకు కొన్ని రూపాయలే. డిస్కౌంటు దుకాణాల సంస్థ వందల శాఖలకు కావలసిన సరుకును కంపెనీతో ఒకేసారి బేరమాడి కొంటుంది కాబట్టి మధ్యలోని మెట్లు తగ్గిపోతాయి. పైగా సొమ్ము త్వరగా చెల్లించేవారికి కంపెనీలు ధరలో ఇంకొంత తగ్గిస్తాయి. 2002లో ముంబయిలోని పొవాయిలో తొలి దుకాణం తెరిచిన డీమార్ట్ పెరిగిన తీరును గమనిస్తే, ఎక్కువ శాఖలకు సొంత భవనాలే ఉండడం, సరఫరాదారులకు త్వరగా డబ్బు చెల్లించడం అనే రెండు అలవాట్లు కనిపిస్తాయి. అద్దె లేకపోవడం, కొనుగోలు ధర తగ్గడం కలిసి మీరు చూసిన నాలుగు రూపాయల తేడాగా మారతాయి.

ఈ పద్ధతి మన దగ్గర పుట్టింది కాదు. జర్మనీలోని ఎస్సెన్‌లో తల్లి నడిపిన చిన్న దుకాణాన్ని రెండో ప్రపంచ యుద్ధం తరువాత చేపట్టిన కార్ల్, థియో అల్‌బ్రెక్ట్ అనే అన్నదమ్ములు, తక్కువ రకాలే ఉంచడం, అలంకరణలు మానేసి అట్టపెట్టెలతోనే సరుకు పేర్చడం, మిగిలిన ఖర్చును ధరలో తగ్గించడం అనే దారిని ఎంచుకున్నారు. అదే ఆల్డి అనే డిస్కౌంటు దుకాణాల సంస్థ అయింది.

అలాగని అక్కడ అన్నీ ఒకే పాళ్లలో చవకగా ఉంటాయనుకోకండి. పంచదార, కందిపప్పు, నూనె వంటి వాటి ధర ప్రతి ఇల్లాలికీ నోటికి వచ్చు కనుక వాటి మీద దుకాణం చాలా తక్కువ లాభంతో సరిపెట్టుకుంటుంది. ప్లాస్టిక్ డబ్బా, దుప్పటి, పిల్లల చొక్కా ఎంతకు రావాలో ఎవరికీ గట్టిగా తెలియదు కనుక లాభం అక్కడ రాబట్టుకుంటుంది. నడవలన్నీ దాటితే తప్ప పప్పుల దగ్గరకు చేరలేని విధంగా దుకాణాన్ని అమర్చడం, బిల్లు వేసే చోట మీ చేతికందే ఎత్తులో చాక్లెట్లు పెట్టడం ఊరికే జరిగేవి కావు. పప్పు మీద ముప్పై రూపాయలు మిగిలి, జాబితాలో లేని వస్తువులకు నాలుగు వందలు ఖర్చయిన ఇల్లు చవకగా కొన్నట్టు కాదు. నెల ఖర్చు ఎందుకు పెరుగుతోందన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది.

కొట్టు యజమాని వైపు లెక్క కూడా చూడాలి. ఆయన పది రూపాయల చింతపండు, ఇరవై రూపాయల నూనె ఇస్తాడు. రోజు కూలితో బతికే ఇంటికి అంతకుమించి కొనే వీలు ఉండదు. చెన్నైకో, హైదరాబాదుకో వలస వెళ్లిన కొడుకు డబ్బు పంపేదాకా, లేదా ధాన్యం అమ్ముడయ్యేదాకా ఖాతా పుస్తకంలో రాసుకొని సరుకు ఇస్తాడు. ఆ అప్పు మీద విడిగా వడ్డీ వేయడు, అది ధరలోనే కలిసి ఉంటుంది. రాని బాకీల నష్టమూ అందులోనే ఉంటుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చినప్పుడు చాలా ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. బిల్లు యంత్రం, కార్డు యంత్రం పనిచేయని అటువంటి రోజుల్లో మనిషిని చూసి సరుకు ఇచ్చే కొట్టు ఎంత అవసరమో తీరప్రాంతం వారిని అడిగితే చెబుతారు. నాలుగు రూపాయల తేడాలో ఈ సేవ ధర కూడా ఉందని నా దృఢమైన అభిప్రాయం. అప్పు అవసరం లేని ఇల్లు ఆ ధర చెల్లించకుండా వేరేచోట కొనుక్కోవడంలో తప్పు లేదు. కానీ దానిని మోసమనడం అన్యాయం.

దూరం నుంచి వచ్చేవారు ప్రయాణ ఖర్చును కూడా సరుకుల ధరలో కలపాలి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద మన ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది కాబట్టి, గజపతినగరం నుంచి మీ అమ్మ ఒక్కతే వస్తే ఒక లెక్క, కుటుంబమంతా ఆటో మాట్లాడుకొని వస్తే మరొక లెక్క.

ఇప్పుడు ఎం.ఆర్.పి. దగ్గరకు మళ్లీ వద్దాం. ఆ అంకెను కంపెనీయే వేసుకుంటుంది కనుక, దాని మీద ఎంత తగ్గించారన్నది చవకకు కొలత కాదు. అందరికీ తెలిసిన కంపెనీ సబ్బు అన్ని దుకాణాల్లోనూ ఒకే ముద్రిత ధరతో ఉంటుంది, పోల్చడం సులభం. దుకాణం తన సొంత పేరుతో ప్యాక్ చేయించిన జీడిపప్పు మీద 300 అని ముద్రించి 210కి ఇస్తున్నామంటే, ఆ 300కు ఎక్కడా ఎవరూ అమ్మనప్పుడు 90 రూపాయలు మిగిలాయని సంతోషించడానికి ఆధారం లేదు. అదే రకం జీడిపప్పు, దానికి పేరుపడ్డ కాశీబుగ్గలో ఎంతకు వస్తోంది, పోయిన నెల ఇదే దుకాణంలో ఎంతకు వచ్చింది అన్నవే సరైన పోలికలు. పాత బిల్లులు పారేయవద్దని మీ ఇంట్లో చెప్పండి.

అన్నింటికంటే జాగ్రత్తగా చూడవలసినది బరువు. ధర పెంచితే కొనేవారు వెంటనే గమనిస్తారు కాబట్టి, కంపెనీలు ఐదు రూపాయల బిస్కెట్టు పొట్లాన్ని ఐదు రూపాయల దగ్గరే ఉంచి, లోపలి గ్రాములు తగ్గిస్తాయి. బిస్కెట్లు, టీపొడి, నూనె వంటి కొన్ని సరుకులను నిర్ణీత పరిమాణాల్లోనే ప్యాక్ చేయాలన్న పాత నిబంధన ఉండేది. 2022లో దానిని ఎత్తివేశారు. దానికి బదులుగా, గ్రాముకో, కిలోకో, మిల్లీలీటరుకో, లీటరుకో ఎంత పడుతుందో ప్యాకెట్టు మీద ముద్రించాలన్న నియమం తెచ్చారు. కిలో లోపు ప్యాకెట్టు మీద గ్రాము ధర, కిలో దాటిన దాని మీద కిలో ధర ఉంటుంది కాబట్టి, రెంటినీ పోల్చాలంటే గ్రాము ధరను 1000తో హెచ్చవేయాలి. అక్షరాలు చిన్నవిగా ఉంటాయి, మా వయసు వారి కళ్లకు ఆనవు. మీ కళ్లతో చదివి పెద్దవారికి చెప్పండి. ఫ్రాన్సులో అయితే ధర తగ్గకుండా పరిమాణం తగ్గిన సరుకు దగ్గర ఆ సంగతి తెలిపే పత్రం అంటించాలని 2024 జులై 1 నుంచి పెద్ద దుకాణాలకు నిబంధన పెట్టారు. మన దగ్గర కూడా అటువంటిది రావాలని నేను గట్టిగా కోరుకుంటాను.

నూనె విషయంలో చాలామంది పొరబడతారు. లీటరు పొద్దుతిరుగుడు నూనె బరువు సుమారు 910 గ్రాములే. ఒక ప్యాకెట్టు లీటరు 150 రూపాయలు, దాని పక్కనే మరొకటి కిలో 160 రూపాయలు ఉన్నాయనుకోండి. చూడగానే మొదటిదే చవక అనిపిస్తుంది, 150ని 0.91తో భాగిస్తే అది కిలోకు దాదాపు 165 పడుతోందని తెలుస్తుంది. పెద్ద ప్యాకెట్టు ఎప్పుడూ చవకే అన్న నమ్మకం కూడా తప్పు: మన దేశంలో రూపాయి, రెండు రూపాయల షాంపూ పొట్లాలు చాలాసార్లు పెద్ద సీసా కంటే మిల్లీలీటరుకు తక్కువ పడతాయి.

బియ్యం బస్తా 25 కిలోలకు బదులు 26 కిలోలు ఎందుకయిందో కూడా తెలుసుకోండి. 2022 జులై 18 నుంచి 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబులు వేసిన బియ్యం, పిండి, పప్పుల మీద 5 శాతం జీఎస్టీ పడింది. ఒక కిలో పెంచితే ఆ పన్ను వర్తించదు కనుక మిల్లుల వారు 26 కిలోల బస్తా తెచ్చారు. శ్రీకాకుళం సన్నాలో, సాంబ మసూరో ఏదైనా, పాత 25 కిలోల ధరతో దానిని నేరుగా పోల్చకుండా కిలో ధర తీయండి.

ఇక మిగతా సగం జవాబు, డిస్కౌంటు దుకాణంలో కూడా ధరలు ఎందుకు పెరుగుతాయో చూద్దాం. మనం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. పామాయిల్ ఇండోనేషియా, మలేషియాల నుంచి, పొద్దుతిరుగుడు నూనె ఎక్కువగా రష్యా, ఉక్రెయిన్‌ల నుంచి వస్తుంది. 2022 ఫిబ్రవరిలో ఆ రెండు దేశాల మధ్య యుద్ధం మొదలైంది, ఏప్రిల్ నెలాఖరున ఇండోనేషియా కొన్ని వారాలపాటు పామాయిల్ ఎగుమతి ఆపింది. ఆ మంట నెల్లిమర్లలోని పొయ్యి దాకా వచ్చింది. 2024 సెప్టెంబరు 14న మన నూనెగింజల రైతులకు గిట్టుబాటు కావాలని కేంద్రం దిగుమతయ్యే ముడి నూనెల మీద 20 శాతం మౌలిక సుంకం వేసింది. 2025 మే 30న దానిని 10కి తగ్గించింది. ఇటువంటివి ఏ దుకాణమూ ఆపగలిగేవి కావు. నిజానికి తక్కువ లాభంతో, రోజూ కొత్త సరుకుతో నడిచే పెద్ద దుకాణంలోనే ధర ముందుగా పెరుగుతుంది. అటువంటి వారాల్లో కిరాణా కొట్టులో పాత ముద్రిత ధరతో మిగిలిన ప్యాకెట్టు చవకగా దొరకవచ్చు. ధర తగ్గేటప్పుడు మాత్రం పెద్ద దుకాణమే ముందు తగ్గిస్తుంది.

2025 సెప్టెంబరు 22న సబ్బు, షాంపూ, టూత్‌పేస్టు, బిస్కెట్ల మీద జీఎస్టీని 18 నుంచి 5 శాతానికి తగ్గించినప్పుడు, వంద రూపాయల వస్తువు 87కు రావాలి కదా అని చాలామంది వాదించారు. పన్ను ఎం.ఆర్.పి. మీద కాదు, పన్నుకు ముందున్న ధర మీద పడుతుంది. వందను 1.18తో భాగిస్తే 84.75, దానికి 5 శాతం కలిపితే 88.99, అంటే 89 రూపాయలు. ఈ లెక్క చేయగలిగిన పిల్లవాడు దుకాణంతో తప్పుగా గొడవపడడు, నిజంగా తగ్గించనివారి దగ్గర మోసపోడు.

ఆ ఏడాది అక్టోబరులో వినియోగదారుల ధరల సూచీ ఆధారంగా లెక్కించే ద్రవ్యోల్బణం 0.25 శాతానికి దిగిందని వార్తల్లో వచ్చింది. ధరలు పెరిగే వేగం తగ్గిందని దాని అర్థం; అంతకుముందు ఏళ్లలో ఎక్కిన ధరలన్నీ దిగివచ్చాయని కాదు. పైగా అది దేశమంతటి సగటు. 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం పల్లె కుటుంబం పెట్టే ఖర్చులో సుమారు 47 శాతం, పట్టణ కుటుంబం ఖర్చులో 40 శాతం దాకా ఆహారానికే పోతోంది. తక్కువ రాబడి ఉన్న ఇంట్లో ఆ వాటా ఇంకా ఎక్కువ కాబట్టి, పప్పు ధరలో పది రూపాయల తేడా వారికి చిన్న విషయం కాదు. మీరు ఈ లెక్కలు నేర్చుకోవాలని నేను ఇంతగా కోరడానికి కారణం అదే.

కూరగాయలకు మాత్రం ముందు రైతుబజారు పలకమీది ధర చూసి, ఆ తరువాత మిగతా చోట్లకు వెళ్లండి.

సూపర్‌మార్కెట్‌లో అర మీద అంటించిన ధర ఒకటి, బిల్లులో పడిన ధర మరొకటి కావడం జరుగుతుంటుంది. కౌంటరు వదలకముందే బిల్లు చదివి సరిచేయించండి. ఎం.ఆర్.పి.కి మించి తీసుకున్నా, తూకం తగ్గినా బిల్లునూ ప్యాకెట్టునూ దాచి, తూనికలు కొలతల శాఖ జిల్లా కార్యాలయానికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915; అక్కడ తెలుగులోనే మాట్లాడవచ్చు. ఫోను చేసేటప్పుడు కొన్న తేదీ, దుకాణం పేరు, ముద్రిత ధర, తీసుకున్న ధర ఒక కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి.

ఇట్లు,
మీ తాతయ్య