ఫోన్‌తో హెచ్‌ఐవీ నివారణ: అపోహలు - వాస్తవాలు

కుర్రాళ్లు ఫోన్ వదలరు కాబట్టి హెచ్‌ఐవీ నివారణను కూడా ఫోన్‌లోకి ఎక్కించేస్తే పనైపోతుందన్న ధీమాతో చాలా కార్యక్రమాలు మొదలవుతాయి. సైట్‌కి క్లిక్కులు వేలల్లో వస్తాయి. పరీక్షకు వచ్చేవాళ్ల సంఖ్య మాత్రం నిరుడెంతో ఈ ఏడూ అంతే. తేడా ఎక్కడ కొడుతోందో వెతికితే ఈ కింది అపోహల్లో ఏదో ఒకటి దొరుకుతుంది.

అపోహ: సమాచారమంతా చక్కగా రాసి సైట్‌లో పెడితే చాలు.

వాస్తవం: రాత్రి పదకొండింటికి "కండోమ్ చిరిగింది, ఏం చేయాలి" అని వెతికే కుర్రాడికి వైరస్ చరిత్ర అక్కర్లేదు. అతనికి పేజీ పైభాగంలోనే మూడు సంగతులు కనపడాలి. ప్రమాదం జరిగాక వైరస్ సోకకుండా వాడే పెప్ అనే మందుల కోర్సు ఉంది, దాన్ని 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత త్వరగా మొదలైతే అంత మేలు. మొదలుపెట్టాక 28 రోజులూ ఆపకుండా వాడాలి. ఈ వేళప్పుడు అది ఏ ఆసుపత్రిలో దొరుకుతుంది, అక్కడ ఎవరిని అడగాలి. ఘటన జరిగిన సమయం నొక్కితే ఇంకా ఎన్ని గంటలున్నాయో చూపే చిన్న లెక్క పెడితే మరీ మంచిది. మిగతా పాఠం కిందికి పోయినా నష్టం లేదు.

పరీక్షా కేంద్రం చిరునామా పేజీ కూడా ఇలాగే ఉండాలి. ఏ వేళల్లో తెరుస్తారు, డబ్బు కట్టాలా, గుర్తింపు కార్డు అడుగుతారా, ఫలితం ఎంతసేపట్లో ఇస్తారు, ఏ గదికి వెళ్లాలి. గది నంబరు లేకపోతే నలుగురిలో "హెచ్‌ఐవీ పరీక్ష ఎక్కడండీ" అని అడగాల్సి వస్తుంది. ఆ ఒక్క ప్రశ్నకు జంకి గేటు దగ్గర్నుంచే వెనక్కి వెళ్లిపోతారు.

అపోహ: ఆసక్తి చూపించారంటే పరీక్ష చేయించుకున్నట్టే.

వాస్తవం: లాస్ ఏంజెలెస్‌లో ఫేస్‌బుక్ బృందాలతో జరిగిన ఒక అధ్యయనం 2013లో వెలువడింది. తోటివాళ్లే నివారణ గురించి మాట్లాడిన బృందాల్లో 44 శాతం మంది ఇంటి పరీక్ష కిట్ అడిగారు. మామూలు ఆరోగ్య విషయాలు మాట్లాడిన బృందాల్లో అడిగింది 20 శాతం. తోటివాడి మాటకు అంత బలముంది. అయితే మొదటి రకం బృందాల్లో కిట్ అడిగిన 25 మందిలో పరీక్ష చేసుకుని వెనక్కి పంపింది 9 మందే. అందుకే క్లిక్కులు, లైకులు, కిట్ అభ్యర్థనలు, జరిగిన పరీక్షలు, చేతికందిన ఫలితాలు దేనికది విడిగా లెక్కపెట్టాలి. ఒక్కో ప్రకటనకు ఒక్కో చిన్న కోడ్ ఇచ్చి, కేంద్రంలో దాన్ని రాసుకుంటే ఏ మెసేజ్ మనిషిని తీసుకొచ్చిందో తెలిసిపోతుంది.

అపోహ: రోజూ మెసేజ్ కొడితేనే గుర్తుంటుంది.

వాస్తవం: కెన్యాలో హెచ్‌ఐవీ మందులు వాడేవాళ్ల మీద చేసిన ప్రయోగంలో వారానికొకసారి మెసేజ్ అందుకున్నవాళ్లు మందులు మెరుగ్గా వాడారు. రోజూ అందుకున్నవాళ్లలో ఆ లాభం కనపడలేదు. రోజూ వచ్చే మెసేజ్ నాలుగో రోజుకి ప్రకటనల గుంపులో కలిసిపోతుంది. అదే దేశంలో 2010లో ఫలితాలు వెలువడిన మరో ప్రయోగంలో మెసేజ్ ఇంకా చిన్నది: "మాంబో?" అంటే ఎలా ఉన్నావు అని. బాగున్నాననో, ఇబ్బందిగా ఉందనో 48 గంటల్లో జవాబివ్వాలి. ఇబ్బంది అన్నవాళ్లకీ, పలకనివాళ్లకీ నర్సు ఫోన్ చేసేది. మందులు సరిగా వాడినవాళ్లు అక్కడ 62 శాతం, మెసేజ్‌లు లేనివాళ్లలో 50 శాతం. ఈ రెండూ చికిత్సలో ఉన్నవాళ్ల సంగతులు. నివారణకు యథాతథంగా అన్వయించలేం గానీ, మెసేజ్ వెనకాల జవాబు చెప్పే మనిషి ఉండాలన్నది మాత్రం ఇక్కడా నిజమే.

అపోహ: మెసేజ్‌లో "హెచ్‌ఐవీ" అన్న మాట తీసేస్తే గోప్యత కాపాడినట్టే.

వాస్తవం: మాట తీసేసినా పంపినవారి పేరులో కేంద్రం పేరు ఉంటే ఏం లాభం? లాక్ స్క్రీన్ మీద ముందు కనపడేది ఆ పేరూ, మొదటి వరుసే. లింకు పంపితే కొన్ని యాప్‌లు పేజీ శీర్షికనూ బొమ్మనూ తమంతట తామే చూపిస్తాయి, కాబట్టి శీర్షిక కూడా సాదాగా ఉండాలి. సైట్‌లో పెట్టే "వెంటనే బయటికి" బటన్ పేజీని మారుస్తుందంతే, బ్రౌజర్ చరిత్రను తుడవదు. ఆ సంగతి బటన్ పక్కనే రాయాలి. ఇక అందరూ మర్చిపోయేది సందర్శకులను లెక్కపెట్టే బయటి కంపెనీల కోడ్. పేజీ చిరునామాలో పరీక్ష ఫలితం గురించిన మాట ఉంటే అది కూడా వాళ్లకి చేరిపోతుంది. ప్రశ్నావళి, ఫలితాల పేజీల్లో ఆ కోడ్ అసలు పెట్టకూడదు.

నంబర్లు కూడా మారుతుంటాయి. వదిలేసిన సిమ్ నంబరు కొన్నాళ్లకు ఇంకొకరి చేతికి వెళుతుంది. కొన్ని వారాలుగా జవాబు లేని నంబరుకు మెసేజ్‌లు ఆపేయండి. ఫలితం మెసేజ్‌లో రాయకండి, నెగటివ్ అయినా సరే. నెగటివ్‌లన్నీ మెసేజ్‌లో పంపి పాజిటివ్‌లకే "ఒకసారి రండి" అంటే, ఆ మాటే ఫలితం అయిపోతుంది.

అపోహ: తెలుగులో రాసినా ఇంగ్లీషులో రాసినా ఎస్సెమ్మెస్ ఒకటే.

వాస్తవం: ఇంగ్లీషులో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాలు పడతాయి. ఒక్క తెలుగు అక్షరం చేరినా పరిమితి 70కి పడిపోతుంది. అది దాటితే 67 చొప్పున ముక్కలై, ముక్కముక్కకీ ఖర్చు పడుతుంది. పైగా గుణింతాలూ పొల్లూ విడివిడిగా లెక్కలోకి వస్తాయి. "పరీక్ష" మనకి మూడక్షరాలే, ఫోన్ లెక్కలో ఆరు.

అపోహ: ఇంట్లో కిట్‌తో నెగటివ్ వచ్చిందంటే నిశ్చింత.

వాస్తవం: నిన్నటి కలయిక గురించి ఇవాళ్టి కిట్ ఏమీ చెప్పలేదు. యాంటీబాడీలను, అంటే వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒంట్లో పుట్టేవాటిని, వెతికే కిట్లు ఇన్‌ఫెక్షన్‌ను పట్టుకోవడానికి 23 నుంచి 90 రోజులు పడుతుంది. సిర రక్తంతో ల్యాబ్‌లో చేసే, వైరస్ భాగాన్ని కూడా వెతికే యాంటిజెన్-యాంటీబాడీ పరీక్షకు 18 నుంచి 45 రోజులు. సైట్‌లో కిట్ బుక్ చేసేటప్పుడే "చివరి ప్రమాదం ఎప్పుడు" అని అడిగి, రెండో పరీక్ష తేదీ అప్పుడే చెప్పేయాలి.

వీడియోల్లో కిట్ మీద వచ్చే గీతలు ఎలా చదవాలో చూపిస్తారు, ఎప్పుడు చదవాలో చెప్పరు. ఎక్కువగా వాడే ఒక నోటి కిట్‌లో 20 నిమిషాలకు ముందూ 40 నిమిషాల తర్వాతా చూడకూడదు. మరో రకం కిట్‌కు వేరే సమయం ఉంటుంది, దాని కాగితం మీద ఉన్నదే లెక్క. పొద్దున పెట్టి సాయంత్రం ఫొటో తీసి పంపిన కిట్‌ను చూసి ఏ కౌన్సెలరూ ఏమీ చెప్పకూడదు. గీత వచ్చినా అది నిర్ధారణ కాదు, కేంద్రంలో మళ్లీ పరీక్షలు చేసి తేల్చాలి.

అపోహ: ప్రెప్ (హెచ్‌ఐవీ సోకకుండా ముందుగానే వేసుకునే మాత్రలు) వాడేవాళ్లకి రోజూ రాత్రి తొమ్మిదికి అలారం పెడితే సరి.

వాస్తవం: రోజువారీ మాత్రకైతే సరే. పురుషులతో కలిసే పురుషులు కొందరు టెనోఫోవిర్-ఎమ్‌ట్రిసిటబైన్ మాత్రలను 2-1-1 పద్ధతిలో వాడతారు. కలయికకు 2 నుంచి 24 గంటల ముందు రెండు, ఆ మొదటి మోతాదు తర్వాత 24 గంటలకు ఒకటి, 48 గంటలకు ఇంకొకటి. శనివారం సాయంత్రం ఆరుకి రెండు వేసుకుంటే ఆది, సోమవారాల్లో ఆరుకే గుర్తుచేయాలి. మధ్యలో మళ్లీ కలిస్తే, చివరి కలయిక తర్వాత రెండు రోజుల దాకా రోజుకొకటి కొనసాగించాలి. కాబట్టి అలారం మొదటి మోతాదు వేళకు ముడిపడాలి, గడియారానికి కాదు. హెపటైటిస్-బి ఉన్నవాళ్లకు ఈ పద్ధతి తగదు. మొదలుపెట్టే ముందు హెచ్‌ఐవీ లేదని పరీక్ష తప్పనిసరి.

అపోహ: భయపెడితే జాగ్రత్తపడతారు.

వాస్తవం: పుర్రె బొమ్మ చూసినవాడు పేజీ మూసేస్తాడు. మందులతో వైరస్ పరీక్షకు అందనంత తగ్గిన వ్యక్తి నుంచి సెక్స్ ద్వారా హెచ్‌ఐవీ సోకదన్న నిజం రాయండి, అది పరీక్షకు కాళ్లు కదిలిస్తుంది.

అపోహ: చాట్ పెట్టాం కాబట్టి ఇరవై నాలుగు గంటలూ సేవ ఉన్నట్టే.

వాస్తవం: రాత్రి మనిషి లేకపోతే ఆ మాట ముందే చెప్పండి. ఆటోమేటిక్ జవాబు ఇలా ఉంటే చాలు: "ఉదయం 9కి చూస్తాం. ప్రమాదం జరిగి 72 గంటలు దాటకపోతే మా కోసం ఆగకండి, ఇప్పుడే అత్యవసర విభాగానికి వెళ్లి పెప్ కావాలని అడగండి."