తాతగారి కేసు కట్ట ఎక్కడుంటుంది? అపోహలు - వాస్తవాలు

కోనసీమ కోర్టుల చుట్టూ ప్లీడరు గుమాస్తాగా 22 ఏళ్ల నుంచి తిరుగుతున్నాను. నెలకొకరైనా వచ్చి "మా తాతగారి మీద అప్పట్లో ఓ మర్డర్ కేసు నడిచిందండి, కాగితాలు కావాలి" అంటారు. ఏ సంవత్సరం అనడిగితే "86 వరదలకి బాగా ముందండి". అంతే.

అపోహ: కోర్టు కేసుల వెబ్‌సైటు ఈకోర్ట్స్‌లో పేరు కొడితే వచ్చేస్తుంది.

రాదండి. ఆ ప్రాజెక్టు మొదలైందే 2007లో, అంతకుముందే తీర్పయిపోయిన కేసులు చాలావరకు అందులోకి ఎక్కలేదు. పాత కట్ట దొరికేది నంబరుతోనే, అదీ ఒక్క నంబరు కాదు. స్టేషన్లో క్రైమ్ నంబరు, మేజిస్ట్రేటు దగ్గర పీఆర్‌సీ (ప్రిలిమినరీ రిజిస్టర్ కేసు) నంబరు, సెషన్స్ కోర్టుకి కమిట్ అయ్యాక, అంటే విచారణకి అక్కడికి పంపాక, ఎస్‌సీ (సెషన్స్ కేసు) నంబరు, అప్పీలుకెళ్తే హైకోర్టులో ఇంకోటి. రాజోలు వైపు నుంచి వచ్చిన ఒకాయన నంబరు లేకుండా మూడు వారాలు తిరిగితే, చివరికి వాళ్లమ్మగారి ట్రంకు పెట్టెలో చీరల అడుగున ఒక పోస్టుకార్డు దొరికింది. అప్పటి ప్లీడరు గారు వాయిదా తేదీ రాస్తూ పైన మూలకి కేసు నంబరు వేశారు. సిరా అలుక్కుపోయి అది మూడో ఎనిమిదో తెలియలేదు, రెండిటికీ వెతికించాం. అందుకే ముందు ఇల్లు వెతకమంటాను.

అపోహ: జిల్లా కోర్టంటే కలెక్టరాఫీసు ఉన్న ఊళ్లోనే.

ఉమ్మడి తూర్పు గోదావరికి కలెక్టరేటు కాకినాడ, జిల్లా కోర్టు మాత్రం రాజమండ్రి. పశ్చిమకి రెండూ ఏలూరే. 2022లో జిల్లాలు విడగొట్టారని పాత కట్టలు వాటంతటవే కొత్త ఊరికి నడిచిపోవు. అప్పీలు తీర్పు కావాలంటే సంవత్సరం చూసుకోండి: 1954 జులైకి ముందు మద్రాసు హైకోర్టు, 1956 దాకా గుంటూరు, తర్వాత హైదరాబాదు, 2019 నుంచి అమరావతి.

అపోహ: పాతవన్నీ వరదల్లో పోయాయి, అడిగినా దండగ.

ఈ మాట నోటితో చెప్తే నమ్మకండి. కాపీ దరఖాస్తు పెట్టి, లేదంటే లేదని రాతపూర్వకంగా తీసుకోండి. నిజానికి కట్టలు తగ్గేది నీళ్లవల్ల కన్నా రూల్స్ వల్లే ఎక్కువని నా అనుభవం. 1917 నాటి రికార్డుల ధ్వంసం చట్టం కింద హైకోర్టు పెట్టిన గడువులు దాటాక కాగితాలు తీసేస్తారు. అలాగని తీర్పూ, సాక్షుల వాంగ్మూలాలూ ఒకేసారి పోవు, తీర్పు ఎక్కువకాలం ఉంచుతారు. ఇంకో సంగతి, 1974 ఏప్రిల్ 1న కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ రాకముందు కమిటల్ దశలోనే మేజిస్ట్రేటు సాక్షుల్ని విచారించేవారు. కాబట్టి ఆ కాలం కేసైతే పీఆర్‌సీ కట్ట కూడా అడగండి. సెషన్స్‌లో మాట మార్చిన సాక్షి మొదట ఏం చెప్పాడో అందులో ఉంటుంది, నాకైతే తీర్పుకన్నా అదే విలువైన కాగితం.

అపోహ: ఆర్టీఐ పెడితే ఇచ్చి తీరాలి.

కేసు కాగితాల నకళ్లకి కోర్టు రూల్స్ ప్రకారమే వెళ్లాలని 2020లో సుప్రీంకోర్టు తేల్చేసింది. కేసులో మీరు పార్టీ కాకపోతే, ఎందుకు కావాలో చెప్తూ అఫిడవిట్ వేయాలి. "ఊరికే చూద్దామని" అని మాత్రం రాయకండి.

అపోహ: యానాం కేసు కాకినాడలో దొరుకుతుంది.

పక్కనే ఉన్నా అది పుదుచ్చేరి, అప్పీళ్లు ఇప్పటికీ మద్రాసు హైకోర్టుకే. 1954కి ముందుదైతే ఫ్రెంచి చదవగలిగేవాళ్లని వెంటబెట్టుకెళ్లండి.