ఊడ నేల దిగేవరకు

బుజ్జీ, చిన్నోడా,

మొన్న తిమ్మమ్మ మర్రిమాను కింద తిరుగుతుంటే చిన్నోడు "తాతయ్యా, ఇందులో అసలు చెట్టు ఏది?" అని అడిగాడు. ఎండకు కదిరి వైపు గుట్టలన్నీ మాడుతుంటే, లోపల తిమ్మమ్మ గుడి దగ్గర మాత్రం చల్లగా, పిట్టల అలికిడి తప్ప ఏమీ లేకుండా ఉంది. బస్సు టెన్షన్‌లో నీకు సరిగ్గా చెప్పలేకపోయాను.

మన పెరట్లో చిక్కుడు పందిరి ఉంది కదా. ఒక పక్క బరువై వంగితే అక్కడో గుంజ పాతుతాను. మర్రి తన గుంజ తానే పాతుకుంటుంది. కొమ్మ మీంచి ఊడ దిగుతుంది. గాల్లో వేలాడినన్నాళ్లూ తాడంత సన్నగా ఉంటుంది. మట్టిలో వేళ్లు పట్టిందా, లావెక్కి మానైపోతుంది. ఆ దన్నుతో కొమ్మ ఇంకాస్త ముందుకు సాగుతుంది. ఆ ఒక్క చెట్టు సుమారు 5 ఎకరాలు పరుచుకుని 1989లో గిన్నిస్ బుక్కులోకి ఎక్కింది ఇలాగే. మరి పందిరికి మొదటి గుంజ పుచ్చిపోతే? మిగతావి మోస్తాయి. హౌరా బొటానికల్ గార్డెన్‌లోని పెద్ద మర్రికి తెగులు సోకితే 1925లో మొదటి మానునే తీసేశారు. చెట్టు ఇవాళ్టికీ పెరుగుతూనే ఉంది! అందుకే నాన్నా, "అసలు చెట్టు ఇదీ" అని వేలుపెట్టి చూపించలేను. అన్నీ అదే.

మా చిన్నప్పుడు చెరువుగట్టు మీద ఒక మర్రి ఉండేది. బడి వదలగానే ఊడలు పట్టుకుని ఊగేవాళ్లం. ఒకరోజు నేను పట్టుకున్న లేత ఊడ పుటుక్కున తెగింది. చేతినిండా తెల్లటి పాలు, జిగురు. ఇంకో జానెడు దిగితే నేలను అందుకునేది. ఆ కొమ్మకు ఉన్నది ఆ ఒక్క ఊడే. ఇన్నేళ్లయినా తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. లావు ఊడలను కావలించుకోండి, లేతవాటి జోలికి పోకండి.

బుజ్జీ, నువ్వు ఏరుకొచ్చిన ఎర్ర మర్రిపండును చీల్చి చూశావా? మర్రి పూలన్నీ దాని లోపలే ఉంటాయి. చీమకన్నా చిన్న కందిరీగ ఒకటి కాయకున్న సన్నటి కంతలోంచి దూరి పుప్పొడి అందిస్తుంది. ఆ చీకట్లో దానికి దారి ఎవరు చెబుతారో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

సెలవుల్లో మళ్లీ వెళదాం. గుడి వెనక తలెత్తి చూస్తే ఒక సన్నటి ఊడ వేలాడుతోంది. ముట్టుకోకుండా పక్కన కర్ర నిలబెట్టి, దాని కొసకూ నేలకూ మధ్య ఎన్ని జానలుందో కొలవండి. పుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. మరుసటి ఏడాది మళ్లీ కొలుద్దాం.

మీ తాతయ్య