మల్ల పెండ్లి అయినంక పిల్లల ఇంటిపేరు: అదాలత్‌ల రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

హన్మకొండ అదాలత్‌ల ఫ్యామిలీ కేసులు చూసే అడ్వకేట్‌ని నేను. భర్త పోయినోళ్లు, విడాకులు అయినోళ్లు మల్ల పెండ్లి చేసుకున్నంక నా దగ్గరికొచ్చి అడిగే మొదటి మాట ఒకటే, "మేడమ్, పిలగానికి ఈయన ఇంటిపేరు పెట్టొచ్చా?" అని. దాంతోపాటు చుట్టాలు చెప్పినయి, ఊర్ల విన్నయి ఎన్నో తప్పుడు మాటలు మోసుకొస్తరు, వాటిల కొన్ని పిల్లలకు నిజంగనే నష్టం చేస్తయి, అందుకే ఇది రాస్తున్న.

అపోహ: తండ్రి చనిపోతే ఇంటిపేరు మీద హక్కు తాత, నానమ్మలదే.

కాదు. తండ్రి లేనప్పుడు సహజ సంరక్షకురాలు, అంటే చట్టం ప్రకారం పిల్లల బాధ్యత చూసే మనిషి, తల్లే, ఇంటిపేరు ఏం పెట్టాల్నో నిర్ణయించేది ఆమెనే. 2022 జులై 28న సుప్రీంకోర్టు ఇది తేల్చి చెప్పింది, ఆ కేసు కూడ మన తెలుగోళ్లదే. భర్త పోయేనాటికి బాబుకు మూడు నెలలు కూడ నిండలే, తర్వాత తల్లి మల్ల పెండ్లి చేసుకుంది, తాత నానమ్మ కోర్టుకు పోయిన్రు. హైకోర్టు పాత ఇంటిపేరే పెట్టుమన్నది, రికార్డుల కన్నతండ్రి పేరు పెట్టే వీలు లేకుంటే ఇప్పటి భర్తను 'సవతి తండ్రి' అని రాయుమన్నది. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, అట్ల రాయించుడు దాదాపు క్రూరత్వమే, పిల్లగాని మనసు మీద, ఆత్మగౌరవం మీద అదెట్ల పడతదో ఆలోచించలేదన్నది.

ఆ మాట ఎంత నిజమో నా ఛాంబర్‌లనే చూసిన. పరకాల దిక్కు నుంచి ఒకామె ఏడేండ్ల కొడుకును తీసుకొచ్చింది, మేం మాట్లాడుతుంటే వాడు బ్యాగు తీసి హోంవర్క్ ముందటేసుకున్నడు. నోట్‌బుక్కు లేబుల్ మీద పేరు ముద్దుగ రాసుకున్నడు గని ముందట ఇనీషియల్ ఉండే జాగ ఖాళీ, అన్ని బుక్కుల మీద అంతే. ఎందుకు రాయలే నాన్నా అంటే "తమ్మునిది వేరే, నాది వేరే, అందరు అడుగుతరు" అన్నడు, తల పైకెత్తలే.

అపోహ: కస్టడీ నాకే వచ్చింది, కాబట్టి నేనొక్కదాన్నే మార్చుకోవచ్చు.

విడాకులై తండ్రి బతికే ఉన్నకాడ ఇది చెల్లదు. పైన చెప్పిన తీర్పు తండ్రి చనిపోయిన కేసుల వచ్చింది, దాన్ని జిరాక్స్ తీయించుకొని వస్తరు పాపం. కస్టడీ తల్లికి వచ్చినా తండ్రి సహజ సంరక్షకుడే, ఆయన రాతపూర్వకంగ ఒప్పుకోవాలె, లేకుంటే కోర్టు ఆర్డర్ తెచ్చుకోవాలె. ఆయనకు చెప్పకుంట మార్చి, రేపు ఆయన కేసేస్తే పిల్లగాని పేరు మల్లొకసారి మారుడైతది. పాస్‌పోర్ట్ కోసమే తొందరపడేటోళ్లు ఆగుండ్రి, 2016 డిసెంబర్ నుంచి దరఖాస్తుల తల్లిదండ్రుల్ల ఒక్కరి పేరున్నా సరిపోతది.

అపోహ: ఇంటిపేరు మారితే కొత్తాయన చట్టప్రకారం తండ్రి అయినట్టే, పాత ఆస్తి పోయినట్టే.

అందరు తడబడేది ఇక్కడనే. ఇంటిపేరు మార్పు వేరు, దత్తత వేరు. ఇంటిపేరు మారినంత మాత్రాన కన్నతండ్రి ఆస్తిల వాటా పైస కూడ తగ్గదు, కొత్తాయన వీలునామా రాయకుంట పోతే ఆయన ఆస్తిల సవతి కొడుక్కు వారసత్వం రాదు. అది కావాలంటే దత్తత చేసుకోవాలె. హిందూ దత్తత చట్టం, 1956 ప్రకారమైతే మామూలుగ పిల్లలకు 15 ఏండ్లు నిండొద్దు, కన్నతండ్రి ఉంటే ఆయన సమ్మతి కావాలె, తీసుకునేటాయనకు ఇప్పటికే కొడుకుంటే ఇంకో కొడుకును తీసుకోనియ్యదు. అట్లాంటోళ్లకు పిల్లల సంరక్షణ కోసం ఉన్న జువెనైల్ జస్టిస్ చట్టం కింద ఇంకో దారుంది, 2022 సెప్టెంబర్ నుంచి ఆ ఆర్డర్ కలెక్టరే ఇస్తున్నరు.

ఆ పరకాల పిల్లగాని తాత కూడ తర్వాత వచ్చిండు, భుజం మీది తువాల తీసి చేతుల మలుపుకుంట "నా కొడుకు పేరు భూమ్మీద లేకుంట పోతది గదా బిడ్డా" అన్నడు. ఆయన మీద నాకు కోపం రాలే, కొడుకును పోగొట్టుకున్న మనిషి. బాపూ, బర్త్ సర్టిఫికెట్‌ల తండ్రి జాగల మీ కొడుకు పేరే ఉంటది, మల్ల పెండ్లి అయిందని దాన్ని ఎవ్వరూ తీసేయరు, మీ ఆస్తిల కూడ మనుమడు వారసుడే అని చెప్పిన. కానీ దత్తత అయితే సంగతి వేరే, తండ్రి నుంచి అప్పటికే సంక్రమించిన వాటా పోదు గని, ఇక ముందు తాత నుంచి రావాల్సిన వారసత్వం తెగిపోతది. అందుకే దత్తత పత్రం మీద సంతకం పెట్టేముందు ఆ తల్లిని రెండుసార్లు కూర్చోబెట్టి మాట్లాడిన.

ఇంటిపేరు మార్చినం కాబట్టి కన్నతండ్రి మెయింటెనెన్స్ (పిల్లల ఖర్చులకు ఇచ్చే పైసలు) ఆపొచ్చు అనుడు అబద్ధం, ఆయన బాధ్యత ఆయనదే. కులం మారుతది అనుడు కూడ అబద్ధమే.

అపోహ: పెద్దగైనంక ఎప్పుడైనా మార్చుకోవచ్చు, తొందరేముంది.

మార్చుకోవచ్చు గని తిరుగుడు ఎక్కువైతది. పదో తరగతి మెమో మీద అచ్చయ్యేది బడి పరీక్షల బోర్డుకు పంపిన విద్యార్థుల లిస్టు, అదే నామినల్ రోల్స్‌ల ఉన్న పేరే, మెమో వచ్చినంక ఇంటర్, డిగ్రీ, ఉద్యోగం అన్నీ దాని వెంటనే నడుస్తయి. కాబట్టి తొమ్మిదో తరగతి లోపే బడి రికార్డు సరిచేయించుకోండ్రి. ఆధార్‌ల పేరు మార్పు జీవితం మొత్తంల రెండుసార్లే, అందుకే దత్తత పత్రమో, కోర్టు ఆర్డరో, పేరు మార్పు అచ్చయిన సర్కారు గెజిటో చేతికి వచ్చినంకనే ఆధార్ సెంటర్‌కు పోండ్రి, పోయినప్పుడు స్పెల్లింగ్ అక్షరం అక్షరం చదివి చూసుకోండ్రి.