ఇంకా రెండో వయొలినేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

ఇంటికి వచ్చిన ప్రతిసారీ మావయ్య అడిగే మొదటి ప్రశ్న: "ఏమ్మా, ఇంకా రెండో వయొలినేనా? ప్రమోషన్ ఎప్పుడు?"

మాది విజయనగరం. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఊళ్ళో వయొలిన్ ఎవరికీ కొత్త కాదు. కొత్తదల్లా స్ట్రింగ్ క్వార్టెట్టే. రెండు వయొలిన్లు, వాటికన్నా కాస్త పెద్దదైన ఒక వయోలా, ఇంకా పెద్దగా, మంద్రంగా పలికే ఒక చెల్లో. నలుగురమే, ముందు నిలబడి చేతులూపి నడిపించే కండక్టర్ ఉండడు. జర్మనీలో అలాంటి ఒక క్వార్టెట్‌లో పన్నెండేళ్ళుగా నాది రెండో కుర్చీ. మావయ్యకి ఫోన్లో చెప్పి చెప్పి అలసిపోయి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మొదటి వయొలిన్‌కి పనికిరానివాళ్ళకి రెండోది ఇస్తారు. అదో పక్కవాద్యం.

వాస్తవం: పక్కవాద్యం అంటే నాకేం కోపం లేదు, అది తక్కువంటేనే కోపం. 1806లో బీథోవెన్ రాసిన ఓపస్ 59 (ఓపస్ అంటే కృతి సంఖ్య) మొదటి క్వార్టెట్ వినండి. ఎత్తుకోవడమే చెల్లో పాట. మొదటి వయొలిన్ ఇంకా ఊరకే కూర్చుని ఉంటుంది. నేనూ వయోలా ఆయనా ఎవరి స్వరం వాళ్ళం, మెల్లగా, మళ్ళీ మళ్ళీ అదే వాయిస్తూ పోతాం. వినేవాళ్ళ చెవి మా మీద ఉండదు. కానీ కాలం మా చేతిలో ఉంది. మేం రవ్వంత తొందరపడితే చెల్లో ఆవిడకి పాట చివర ఊపిరి అందదు. ఆవిడ విల్లు ఎక్కడ బరువెక్కుతోందో కంటి చివర్నుంచి చూస్తూ చెయ్యి కదపాలి. ఈ రెండు లైన్ల మీద మేం ఒక పూట మొత్తం రిహార్సల్ చేసిన రోజులున్నాయి.

ఇక ప్రమోషన్ సంగతి. 1976 నుంచి 2023 దాకా వాయించిన ఎమర్సన్ క్వార్టెట్‌లో ఇద్దరు వయొలినిస్టులూ కుర్చీలు మార్చుకునేవారు. ఈ కృతికి ఈయన మొదటివాడైతే ఆ కృతికి ఆయన.

అపోహ: కాగితం మీద ఉన్నది వాయించడమేగా, మనోధర్మం ఏముంది?

వాస్తవం: కల్పనస్వరాలు లేవు, ఒప్పుకుంటాను. కానీ కాగితం మీద శ్రుతి ఉండదు. ఇది కాస్త ఓపిగ్గా చదవండి. చెల్లో అడుగు తీగ సి (పాశ్చాత్య సంగీతంలో స్వరాలకి ఇలా ఇంగ్లీషు అక్షరాలే పేర్లు). దాన్ని షడ్జమం అనుకుని శుద్ధ పంచమాలు పేర్చుకుంటూ జి, డి, ఎ మీదుగా నా వయొలిన్ పై తీగ ఇ దాకా రండి. ఆ ఇ ఆ షడ్జమానికి అంతర గాంధారం అవ్వాలి. అవదు! తంబురా బాగా శ్రుతి కుదిరితే అందులోంచి తనంతట తానే ఒక గాంధారం వినిపిస్తుంది చూడండి, నా ఖాళీ తీగ దానికన్నా దాదాపు 22 సెంట్లు ఎక్కువ పలుకుతుంది. ఒక స్వరస్థానానికీ పక్కదానికీ మధ్య 100 సెంట్లు అనుకుంటే, అందులో అయిదో వంతుకి పైనే. చెల్లో సి పట్టుకుని ఉండగా నేను ఆ తీగ ఉన్నదున్నట్టు వాయిస్తే పుల్లగా తగులుతుంది.

అందుకని చాలా క్వార్టెట్లు పంచమాలను వెంట్రుకవాసి దగ్గరకి లాగి తీగలు బిగించుకుంటాయి. అదీ చాలనప్పుడు నేను ఖాళీ తీగ వదిలేసి, పక్కనున్న ఎ తీగ మీద చిటికెన వేలితో అదే ఇ పట్టుకుని కిందికి దించుతాను. రెండు బార్ల (మన ఆవర్తనం లాంటి తాళపు గడులు) తర్వాత అడుగున ఎ వస్తే అదే ఇ ఇప్పుడు పంచమం, వేలు మళ్ళీ పైకి జరగాలి. కాగితం మీద మాత్రం రెండుచోట్లా ఒకే చుక్క. చిన్నప్పుడు కింద కూర్చుని తంబురా ముందు సాధన చేసిన చెవి నాకు అక్కరకొచ్చింది ఇక్కడే.

అపోహ: అందరి దగ్గరా స్ట్రాడివేరియస్‌లు, అంటే ఇటలీలో స్ట్రాడివరీ చేసిన ఖరీదైన పాత వాద్యాలు, ఉంటాయి.

వాస్తవం: గొప్ప వాద్యాలు వాయించేవాళ్ళలో చాలామందివి సొంతం కావు, ఫౌండేషన్లు అరువిచ్చినవి. ఇటలీ వయొలిన్ విద్వాంసుడు పగనీని దగ్గర ఒకప్పుడున్న నాలుగు స్ట్రాడివేరియస్‌ల సెట్టు ఇప్పుడు నిప్పన్ మ్యూజిక్ ఫౌండేషన్‌ది. టోక్యో క్వార్టెట్ దాన్ని ఏళ్ళ తరబడి వాయించి, 2013లో విరమించుకున్నప్పుడు తిరిగిచ్చేసింది. నాది బ్యాంకు అప్పు.

అపోహ: ఒకరు మానేస్తే ఇంకొకరిని పెట్టుకోవచ్చు.

వాస్తవం: పెట్టుకునేవాళ్ళున్నారు. లండన్‌లోని అమాడియస్ క్వార్టెట్ పెట్టుకోలేదు. 1947 నుంచి అదే నలుగురు. 1987లో వయోలా వాయించే పీటర్ షిడ్లాఫ్ పోగానే మిగతా ముగ్గురూ క్వార్టెట్ ఆపేశారు. నాకది అతి అనిపించేది. ఓ కచేరీలో నా కాలు, ట్యాబ్లెట్లో పేజీలు తిప్పే పెడల్‌కి రెండుసార్లు తగిలి ఒక పేజీ ఎగిరిపోయేదాకా. హైడన్ నెమ్మది భాగం, హాలంతా నిశ్శబ్దం. గుర్తున్నంత మేర లాగుతున్నాను. వయోలా ఆయన తలెత్తలేదు, తన గొంతు కాస్త పెంచి నా స్వరాలు ఎక్కడ పడాలో తన విల్లుతో చూపిస్తూ పోయాడు. నేను పేజీ వెనక్కి తిప్పుకునేసరికి ఏడు బార్లయ్యాయి. తర్వాత కాఫీ దగ్గర కూడా ఆ మాటెత్తలేదు. ఇంకొకరిని పెట్టుకోవచ్చు, నిజమే. ఆ ఇంకొకరికి నా తడబాటు తెలియడానికి ఎన్నేళ్ళు పడుతుందో!

అపోహ: విదేశీ కచేరీలు, డబ్బుకేం లోటు?

వాస్తవం: వచ్చిన పారితోషికంలోంచి ముందు ఏజెంటు కమిషన్ పోతుంది. తర్వాత విమానం టికెట్లు. మనుషులం నలుగురం, టికెట్లు అయిదు, చెల్లోకి కిటికీ పక్క సీటు. తర్వాత హోటల్. మిగిలింది నాలుగు వాటాలు. అందుకే మాలో చాలామంది పాఠాలు చెబుతాం. టకాచ్ లాంటి పేరున్న క్వార్టెట్‌కి కూడా బౌల్డర్‌లోని కొలరాడో విశ్వవిద్యాలయంలో కొలువుంది.

ఈసారి మావయ్య ఇదంతా విని, "అయితే ఆ అయిదో టికెట్ భోజనం ఎవరు తింటారు?" అన్నాడు. వంతులేసుకుంటాం. పోయిన వారం నాది.